ఎమ్మెల్యే సంతకంతోని ఏం మారుతది? పేదరికం, అభివృద్ధి, మన ప్రజాప్రతినిధుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండల కలెక్టరేట్‌కు పోయే తొవ్వలో కూర్చొని దరఖాస్తులు రాసిపెట్టడం నా పని. పింఛను, పట్టా, రేషన్ కార్డు, ఇల్లు. వచ్చినవాళ్లు కాగితం రాయించుకుంటూనే ఏవో అడుగుతుంటారు. మళ్లీ మళ్లీ అడిగినవాటిని, నేను చెప్పే జవాబులను ఇక్కడ పెట్టాను. ప్రశ్నలు వాళ్ల మాటల్లోనే ఉంచాను.

ఎమ్మెల్యే పని అసలు ఏంది?

సంతకం పెట్టుడు, చెక్కు ఇచ్చుడు, పెండ్లికీ చావుకూ వచ్చుడు. అడిగినవాళ్ల మనసులో ముందే ఉండే జవాబు ఇది. వాళ్ల తప్పేం లేదు, కళ్లకు కనబడేది అదే.

ఈమధ్య నర్సంపేట దిక్కు నుంచి ఒకామె వచ్చింది. పాలిథిన్ కవరులో బిడ్డ పెండ్లిపత్రిక, ఆధార్ జిరాక్సులు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు మడత నలగకుండా పెట్టుకుంది. కళ్యాణలక్ష్మి చెక్కు ఇంకా రాలేదు, ఎవరికి రాయాలని అడిగింది. పెండ్లికి రెండు లక్షలు అప్పు తెచ్చారట, నూటికి మూడు రూపాయల మిత్తి. అంటే నెలకు 6,000. పెండ్లయి పది నెలలు. సర్కారు ఇచ్చేది 1,00,116 రూపాయలు, అందులో 60,000 అప్పటికే మిత్తి కింద పోయినట్టు లెక్క. చెక్కు వచ్చిన నాడు ఫంక్షన్ హాల్లో అందరూ ఫొటో దిగుతారు. ఈ మిత్తి లెక్క ఆ ఫొటోలో పడదు.

ఎమ్మెల్యే ఆమె ఫైలు కదిలిస్తే ఆమె ఒక్కతికి మేలు. అదే ఎమ్మెల్యే సభలో లేచి "ఈ చెక్కులు దరఖాస్తు పెట్టిన ఎన్ని నెలలకు అందుతున్నాయి? బడ్జెట్‌లో పెట్టిన పైసలు ఎప్పుడెప్పుడు విడుదల చేశారు?" అని అడిగితే మంత్రి లెక్క చెప్పాల్సిందే. చెప్పిన లెక్క రికార్డుకెక్కుతుంది. శాసనసభ్యుడి అసలు పని మూడు ముక్కల్లో చెప్పాలంటే చట్టాలు చేయడం, సర్కారు ఖర్చుకు ఒప్పుకోవడమో ఒప్పుకోకపోవడమో, ఆ ఖర్చుకు లెక్క అడగడం. సంతకాలు, సిఫారసులు తర్వాత వచ్చి చేరినవి. ఇప్పుడు అవే ముందర కూర్చున్నాయి.

చట్టంతోని పేదరికం పోతదా? కాగితం కడుపు నింపుతదా?

కొంత నింపుతుంది. ఆలస్యంగా, అరకొరగా. భూమి ముచ్చటే తీసుకోండి.

మన వంగరలో పెరిగిన పీవీ నరసింహారావు 1957 నుంచి 1977 దాకా మంథని ఎమ్మెల్యే. 1971లో ముఖ్యమంత్రి అయ్యాక ఆయన హయాంలోనే భూపరిమితి చట్టం తయారైంది. 1973 చట్టంగా వచ్చి, 1975 జనవరి 1 నుంచి అమలైంది. తరి (నీటి పారకం ఉన్న భూమి) అయితే 10 నుంచి 27 ఎకరాలు, ఖుష్కి (మెట్ట) అయితే 35 నుంచి 54 ఎకరాలు, భూమి తీరును బట్టి. అంతకు మించి ఒక కుటుంబం పట్టుకోవద్దన్నారు. దొరలు ఊరుకుంటారా? పాలేరు పేర, దూరపు చుట్టం పేర రాసి పెట్టుకున్నోళ్ల కథలు మా చిన్నప్పుడు ప్రతి ఊళ్లోనూ చెప్పేవారు. పీవీ కుర్చీ కూడా 1973 జనవరి దాటలేదు. భూమి జోలికి పోయినందుకే దిగిపోయాడని కొందరు, స్థానికులకే ఉద్యోగాలన్న ముల్కీ గొడవ వల్లనని కొందరు అంటారు. రెండూ కలిశాయని నా ఉద్దేశం.

అయినా మిగులు భూమి, సర్కారు భూమి కొంత పేదలకు చేరింది. చేరింది చేజారకుండా 1977లో ఇంకో చట్టం చేశారు. లావుణి పట్టా భూమిని, అంటే సర్కారు పేదలకు ఇచ్చిన భూమిని, అమ్మొద్దు, కొనొద్దు, కొన్నా చెల్లదు. నా దగ్గరికి వచ్చే దళిత కుటుంబాల్లో ఆ రెండెకరాలు ఉన్నోళ్లకూ లేనోళ్లకూ తేడా పిల్లల చదువులో కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఆ భూములు ఎవరికి ఇవ్వాలో తేల్చే అసైన్‌మెంట్ కమిటీకి అధ్యక్షుడు ఎమ్మెల్యేనే అని చాలామందికి తెలియదు. ఆ కమిటీ ఎన్నాళ్లకోసారి కూర్చుంటుందో అడిగేవాళ్లూ తక్కువే.

ఏజెన్సీకి వేరే చట్టం ఉంటదంటరు. నిజమేనా?

నిజమే. ఏటూరునాగారం, తాడ్వాయి దిక్కు పోతే చదువు రాని ముసలాయన కూడా "వన్ ఆఫ్ సెవెంటీ" అంటాడు. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనను 1970లో ఒకటో నంబరు నిబంధనతో గట్టి చేశారు, ఆ పేరు అందుకే. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోతే ఆ బదలాయింపు చెల్లదు. గిరిజనేతరులు ఒకరికొకరు అమ్ముకున్నా చెల్లదు.

ఇలాంటి నిబంధనను అసెంబ్లీ చేయదు, గవర్నర్ చేస్తారు. అయితే చేసే ముందు గిరిజన సలహా మండలిని సంప్రదించాలని రాజ్యాంగం ఐదో షెడ్యూలు చెబుతుంది. ఆ మండలిలో 20 మందికి మించకుండా ఉంటారు, అందులో ముప్పాతిక వంతు గిరిజన ఎమ్మెల్యేలే ఉండాలి. తెలంగాణలో ఎస్టీ స్థానాలు 12. ములుగు, మహబూబాబాద్, డోర్నకల్ అందులోవే. అంటే మన దిక్కు ఎమ్మెల్యేలకు ఆ గదిలో కుర్చీ దొరికే అవకాశం ఎక్కువ. ఓట్లకు వచ్చినప్పుడు రోడ్డు అడగండి, తప్పులేదు. దాంతోపాటు సలహా మండలి సమావేశంలో ఏం మాట్లాడారో కూడా అడగండి.

పోడు పట్టా ఎమ్మెల్యే ఇస్తడా?

ఇవ్వడు. పోడు అంటే అడవి కొట్టి సాగుచేసుకుంటున్న భూమి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం మొదటి మాట గ్రామసభది. అక్కడి నుంచి డివిజన్ కమిటీకి, జిల్లా కమిటీకి పోతుంది. 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉండాలి, పది ఎకరాలకు మించకూడదు. గిరిజనేతరులైతే మూడు తరాలుగా, అంటే 75 ఏండ్లుగా అక్కడ ఉన్నట్టు చూపాలి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే.

2023 జూన్‌లో ఆసిఫాబాద్ నుంచి మొదలుపెట్టి సుమారు నాలుగు లక్షల ఎకరాలకు పట్టాలు పంచారు. అప్పుడు వేదికల మీద ప్రజాప్రతినిధులు ఇచ్చారు కాబట్టి వాళ్లే మంజూరు చేశారని జనం అనుకున్నారు. చట్టం ఇచ్చిన హక్కును చేతికి అందించడం వేరు, దయతో ఇవ్వడం వేరు. ఆ తేడా మర్చిపోతే పట్టా రానివాడు గ్రామసభకు పోవడం మాని నాయకుడి చుట్టూ తిరుగుతాడు.

ఇంకో ముచ్చట. అదే చట్టంలో సామూహిక హక్కులు ఉన్నాయి, వెదురు, తునికాకు, ఇప్పపువ్వు మీద. అడవిని నరకకుండా దాని మీదే బతకడానికి తొవ్వ అది. ఎకరాల గొడవలో దాన్ని పట్టించుకున్నోళ్లు తక్కువ. శాసనసభలో దాని గురించి నాలుగు ముక్కలు మాట్లాడే గిరిజన ఎమ్మెల్యే దొరికితే అడవికీ మేలు, గూడేనికీ మేలు.

బడ్జెట్ టీవీల చూస్తం. మా ఎమ్మెల్యే అండ్ల ఏం జేస్తడు?

బల్ల చరుస్తాడు. అది అటుంచితే, శాఖల వారీగా పద్దులు సభ ముందుకొస్తాయి. ఏ పద్దునూ పెంచమనే అధికారం సభ్యుడికి లేదు, తగ్గించమని మాత్రం కోత తీర్మానం పెట్టొచ్చు. "ఈ పద్దులో 100 రూపాయలు తగ్గించండి" అంటే ఆ వంద కోసం కాదు. ఆ శాఖ ఫలానా పని చేయలేదని మాట్లాడటానికి దొరికే సందు అది. రోజులు అయిపోతే చర్చ లేకుండానే మిగిలిన పద్దులన్నీ ఒక్క ఊపులో పాస్ చేస్తారు. గిలెటిన్ అంటారు దాన్ని. పేరుకు తగ్గట్టే ఉంటుంది.

పేదల డబ్బుకు చట్టం కంచె వేసిన సందర్భం ఒకటి చెబుతాను. ఎస్సీ, ఎస్టీల కోసం కేటాయించిన డబ్బు ఏటా మార్చి 31కి మురిగిపోయేది, లేకపోతే ఇంకేదో పనికి మళ్లించేవారు. ఏండ్ల తరబడి దళిత, గిరిజన సంఘాలు కొట్లాడితే 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ఉప ప్రణాళిక చట్టం వచ్చింది. తెలంగాణ వచ్చాక 2017లో దాని స్థానంలో ప్రత్యేక ప్రగతి నిధి చట్టం చేశారు. 2011 లెక్కల ప్రకారం రాష్ట్ర జనాభాలో ఎస్సీలు 15.45 శాతం, ఎస్టీలు 9.08 శాతం. ఆ నిష్పత్తిలో నిధులు పెట్టాలి, ఈ ఏడు ఖర్చు కాకపోతే వచ్చే ఏటికి కలపాలి. చట్టంలో ఉంది. కలిపారా లేదా అని ఏటా అడగాల్సినవాళ్లు సభలోని ఆ 119 మంది ఎమ్మెల్యేలే. రాష్ట్రంలో ఎస్సీ స్థానాలు 19, ఎస్టీ స్థానాలు 12. పార్టీలు పక్కనపెట్టి ఆ 31 మంది ఒక్కరోజు ఒకే ప్రశ్న మీద నిలబడితే ఎట్లుంటుందో చూడాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

ప్రతిపక్ష ఎమ్మెల్యే గెలిస్తే మన ఊరికి నిధులు రావటగదా?

రావని చెప్పే చట్టం ఎక్కడా లేదు. "నియోజకవర్గ అభివృద్ధి కోసం" పార్టీ మారినవాళ్ల మాట నమ్మే ముందు, మారాక అభివృద్ధి అయింది ఎవరో ఒకసారి లెక్క చూసుకోండి.

ఎంపీకి ఏడాదికి 5 కోట్లు వస్తయట. అన్ని పైసలు ఏమైతున్నయి?

ఆయన జేబులోకి రావు. పనులు ఆయన సిఫారసు చేస్తాడు, మంజూరు చేసి చేయించేది జిల్లా యంత్రాంగం. ఈ పథకం 1993 డిసెంబర్‌లో మొదలైంది, 2011-12 నుంచి ఏటా 5 కోట్లు. వరంగల్ పార్లమెంటు స్థానంలో ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు ఉన్నాయి. స్టేషన్ ఘన్‌పూర్, పాలకుర్తి, పరకాల, వరంగల్ పశ్చిమ, వరంగల్ తూర్పు, వర్ధన్నపేట, భూపాలపల్లి. సమంగా పంచితే ఒక్కోదానికి 71 లక్షల చిల్లర. దాన్ని ఊర్లకు పంచితే ఎంత మిగులుతుందో మీరే వేసుకోండి. అందులో 15 శాతం ఎస్సీలు, 7.5 శాతం ఎస్టీలు ఉండే చోట్ల పెట్టాలి. కమ్యూనిటీ హాలు, బోరు, బస్ షెల్టరు అయితే కడతారు. పేదరికం తగ్గించే డబ్బు ఇది కాదు. ఎంపీ పనితనాన్ని దీంతో కొలిస్తే చెంబుతో చెరువును కొలిచినట్టే.

మరి ఎంపీ ఢిల్లీల కూసుంటే మనకేం లాభం?

చట్టంలో ఒక క్రియాపదం ఎంత పని చేస్తుందో 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూలు చదివితే తెలుస్తుంది. తెలంగాణలో గిరిజన విశ్వవిద్యాలయం "ఏర్పాటు చేయాలి" అని అందులో ఉంది. ఖమ్మం జిల్లాలో ఉక్కు ఫ్యాక్టరీ సాధ్యాసాధ్యాలను ఆరు నెలల్లో "పరిశీలించాలి" అని ఉంది. మనం బయ్యారం అంటున్నది దీన్నే, ఇప్పుడది మహబూబాబాద్ జిల్లా. రైలు కోచ్ ఫ్యాక్టరీ గురించీ "పరిశీలించాలి" అనే ఉంది.

చేయాలి అన్నది తొమ్మిదేండ్లకైనా అయింది. 2023 డిసెంబర్‌లో పార్లమెంటు చట్టం సవరించి, ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి దారి తీసింది. పరిశీలించాలి అన్న బయ్యారం పరిశీలన దాటి రాలేదు. కాజీపేటలో రైల్వే తయారీ యూనిట్‌కు 2023 జూలైలో ప్రధాని శంకుస్థాపన చేశారు. అది కూడా మన వాళ్లు దశాబ్దాలుగా అడగ్గా అడగ్గా. బిల్లు రాసేటప్పుడు ఆ ఒక్క మాట దగ్గర కూర్చొని పట్టుబట్టడం ఎంపీ పని. అప్పుడు అందరి కళ్లూ రాష్ట్రం వస్తుందా రాదా అన్నదాని మీదే ఉన్నాయి, అదీ నిజమే.

ఇంకో ఉదాహరణ నిజామాబాద్‌ది. పసుపు బోర్డు కావాలని రైతులు తిరగని గడప లేదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు, ఎర్రజొన్న రైతులు 178 మంది నామినేషన్ వేసి నిలబడ్డారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. ఒక్కో పోలింగ్ బూతులో 12 బ్యాలెట్ యూనిట్లు వరుసగా పెట్టాల్సి వచ్చింది. ఓటేయడానికి పోయినోళ్లు గుర్తు వెతుక్కుంటూ ఆ మిషన్ల ముందు నడిచారు. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న, సంక్రాంతి నాడు, నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. అయితే బోర్డు వచ్చినంత మాత్రాన క్వింటాలు ధర దానంతటదే పెరగదు. ఆ ప్రశ్న ఇంకా మిగిలే ఉంది.

ఉపాధి హామీ కూడా ఎంపీలు చేసిన చట్టమేనా?

అవును. 2005లో పార్లమెంటు చేసింది. 2006 ఫిబ్రవరిలో మొదటి విడతలోనే వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు ఉన్నాయి. ఏడాదికి కుటుంబానికి 100 రోజుల పని. ఎండాకాలం కైకిలి దొరకని రోజుల్లో ఊరు విడిచిపోకుండా ఆపిన చట్టం అది. చెరువు పూడికలు, కందకాలు, నర్సరీలు దాని కిందే అయ్యాయి. సామాజిక తనిఖీలో ఊరందరి ముందు మస్టర్ (కూలీల హాజరు పట్టీ) చదివి "ఈ పేరు గలాయన పోయిన ఏడే సచ్చిపోయిండు" అని జనం అరిచిన సభలు నేను చూశాను. 2025 డిసెంబర్‌లో పార్లమెంటు దాని స్థానంలో 125 రోజుల కొత్త చట్టం తెచ్చింది. ఖర్చులో రాష్ట్రాల వాటా 40 శాతానికి పెరిగింది. మన ఎంపీ ఆ రోజు ఏం మాట్లాడాడు, ఎటు నిలబడ్డాడు అన్నది కైకిలి చేసుకునే ప్రతి ఇంటికీ సంబంధించిన ముచ్చట.

సుస్థిర అభివృద్ధి అంటే ఏంది? నోరు తిరగదు.

నాకూ తిరగదు. ఐక్యరాజ్యసమితి 2015లో 17 లక్ష్యాలు పెట్టుకుంది, 2030కి గడువు. మొదటిది పేదరికం పోవడం. మన మాటలో చెప్పాలంటే ఆకలైందని విత్తనపు వడ్లు దంచుకు తినొద్దు. అంతే.

పాకాల కట్ట మీద నిలబడితే ఇంకా బాగా అర్థమవుతుంది. కాకతీయ గణపతిదేవుని కాలంలో కట్టిన చెరువు, ఎనిమిది వందల ఏండ్ల తర్వాత కూడా పొలాలు పారిస్తోంది. రామప్ప, లక్నవరం కూడా అంతే. మత్తడి, తూము, కాలువ, నీళ్లు వదిలే నీరటి, వీటన్నిటికీ ఒక కట్టుబాటు ఉండేది. 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలనుకున్నారు. పూడికమట్టిని రైతులు ట్రాక్టర్లతో చెలకల్లోకి తోలుకున్నారు. కొన్నిచోట్ల పని మంచిగైంది, కొన్నిచోట్ల కట్ట మీద మట్టి పోసి బిల్లు ఎత్తారు. రెండూ నా కళ్లతో చూసినవే.

చెరువు బాగుచేయడం కంటే శిఖం, అంటే చెరువు నీళ్లు నిలిచే భూమి, కాపాడటం కష్టం. 2023 జూలై వానలు గుర్తున్నాయా? ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది. భూపాలపల్లి దగ్గర మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగితే, జనం ఇండ్ల పైకెక్కి హెలికాప్టర్ కోసం చూశారు. అంత వానకు ఏ కట్టా ఆగదు, ఒప్పుకుంటాను. కానీ హన్మకొండ, వరంగల్ కాలనీలు అంతకంటే చిన్న వానకు కూడా మునుగుతున్నాయి. నాలాల మీద, చెరువు శిఖాల్లో ఇండ్లు లేచినందుకు. నీరు, భూమి, చెట్ల కోసం 2002లోనే వాల్టా చట్టం వచ్చింది. చట్టం లేక కాదు. శిఖంలో ప్లాటు కొన్నాయన ఓటరు, అమ్మినాయన పార్టీకి దగ్గరివాడు. కూలగొట్టడానికి అధికారి బయల్దేరితే ఆయన ఫోను మోగుతుంది. అవతల ఎవరుంటారో నేను చెప్పక్కర్లేదు. నీళ్లు ముందు వచ్చేది మాత్రం లోతట్టున ఉన్న గుడిసెలోకే. బియ్యం, సర్టిఫికెట్లు, కుట్టుమిషన్ అన్నీ ఒక్క రాత్రిలో పోతే ఆ ఇల్లు పదేండ్లు వెనక్కి పోతుంది.

ఊర్ల విషయంలో 2018 పంచాయతీరాజ్ చట్టం ఒక గట్టి పని చేసింది. పంచాయతీ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలి, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి. సర్పంచును, కార్యదర్శిని బాధ్యులను చేశారు. ఎమ్మెల్యేకు అలాంటి లెక్క ఏదీ పెట్టలేదు. చట్టం రాసింది ఎమ్మెల్యేలు కదా.

బొగ్గు మా దగ్గర తీస్తరు, దుమ్ము మాకు. పైసలు ఎటు పోతున్నయి?

భూపాలపల్లి, రామగుండం, మందమర్రి దిక్కు వాళ్లు అడిగే ప్రశ్న. 2015లో గనుల చట్టం సవరించి జిల్లా ఖనిజ నిధి పెట్టారు. గని నడిపేవాళ్లు రాయల్టీకి అదనంగా, 2015కు ముందటి లీజులైతే రాయల్టీలో 30 శాతం, వేలంలో ఇచ్చిన కొత్తవైతే 10 శాతం ఈ నిధికి కట్టాలి. తాగునీరు, వైద్యం, చదువు లాంటివాటికి గని బాధిత ఊర్లలో ముందు పెట్టాలి. పాలక మండలిలో ఎంపీలు, ఎమ్మెల్యేలు ఉంటారు. గనికి ఆనుకుని ఉన్న ఊరికి ఎంత, దూరంగా ఉన్న మండల కేంద్రంలో సెంట్రల్ లైటింగ్‌కు ఎంత పోయిందో ఆ మండలి మినిట్స్ తీసుకుంటే తెలుస్తుంది.

ఇంతకూ పేదరికం తగ్గిందా?

తగ్గింది. నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక సూచీ ప్రకారం తెలంగాణలో 2015-16లో 13.18 శాతం ఉన్నది 2019-21 నాటికి 5.88 శాతానికి వచ్చింది. పోషణ, చదువు, వంటగ్యాసు, మరుగుదొడ్డి, నీళ్లు, కరెంటు, బ్యాంకు ఖాతా లాంటి 12 విషయాలు చూసి లెక్కగడతారు. అయితే అందులో అప్పు లేదు. పత్తి పోయిన ఏడాది, ఇంట్లో ఒకరికి ఆపరేషన్ అయిన ఏడాది ఒక కుటుంబం ఎటు జారుతుందో ఆ 12లో కనబడదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో గ్యాసు, కరెంటు, ఖాతా అన్నీ ఉండి మిత్తి కింద నలిగిపోతున్నవాళ్లే ఎక్కువ.

ఓటుకు పైసలిస్తే తప్పేంది? పేదోళ్లకే కదా ఇస్తున్నరు.

తీసుకునేవాళ్లను నేను తిట్టను. ఇచ్చినాయన ఐదేండ్లలో ఎక్కడి నుంచి రాబట్టుకుంటాడో మాత్రం ఆలోచించండి. ఇసుక, గుట్ట, శిఖం, కాంట్రాక్టు.

మేం చదువుకున్నోళ్లం కాదు. ఏం అడగాలె, ఎవరిని అడగాలె?

మూడు నెలలకోసారి ఎంపీ అధ్యక్షతన దిశ కమిటీ సమావేశం జరగాలి. కేంద్రం డబ్బుతో నడిచే పథకాలన్నీ అందులో చూస్తారు, ఎమ్మెల్యేలూ సభ్యులే. పోయినసారి ఎప్పుడు కూర్చున్నారు, మన మండలం మాట వచ్చిందా అని అడగండి. ఊళ్లో రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి. పంచాయతీ కారోబార్ (గుమాస్తా) ఇంటికి రిజిస్టర్ తెచ్చి సంతకాలు పెట్టించుకుంటే అది గ్రామసభ కాదు.

నోటిమాటగా అడిగితే నోటిమాటే వస్తుంది. సమాచార హక్కు చట్టం కింద రాసి అడగండి. ఊరు స్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు ఆధారం పెడితే అదీ లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. ఆ నర్సంపేట ఆమెకు నేను రాసిచ్చిన కాగితం కూడా అదే. మీ చెక్కు ఎక్కడుందని ఒక్క మాట, మండలంలో ఆ ఏడాది వచ్చిన దరఖాస్తులు ఎన్ని, ఎన్ని నెలలకు మంజూరయ్యాయని ఇంకో మాట. రెండో మాట ఎందుకని అడిగింది. జవాబు వచ్చాక జిరాక్సు తీసి ఎమ్మెల్యే సార్‌కు ఇవ్వు, సభల అడగమని చెప్పు అన్నాను. కవరులో పెట్టుకొని బస్సుకు పోయింది. రసీదు నంబరు నా డైరీలో రాసి ఉంది, నెల నిండడానికి ఇంకా పదకొండు రోజులున్నాయి.